స్టాపర్ రత్నరాజు సాక్ష్యం

అది 2022 వానాకాలం. ఏలూరులో మా ఫిజియోథెరపీ క్లినిక్ అప్పట్లో పవరుపేట దగ్గర ఒక మేడ మీద ఉండేది. మోకాళ్ళ నొప్పులకి వైద్యం చేసే చోటు మేడ మీద పెట్టడమేమిటని వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను తిట్టుకుంటూనే మెట్లెక్కేవారు. అప్పటికి ఈ పనిలో నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. వరి ఊడ్పుల్లో నడుం పట్టేసిన ఉంగుటూరు ఆడవాళ్ళు, మెడ తిరగని ఆటో డ్రైవర్లు, చేపల చెరువు గట్ల మీద జారిపడ్డ కొల్లేటి కూలీలు నా పేషెంట్లు. బాగుచేసి పంపిస్తే అదే పొలంలో, అదే ఆటోలో, అదే గట్టు మీద మళ్ళీ పాడుచేసుకుని వచ్చేవారు. చిల్లు కుండలో నీళ్ళు పోస్తున్నట్టు ఉండేది. విసుగు వాళ్ళ మీద కాదు, నా పని మీదే.

అలాంటి రోజుల్లో రత్నరాజు వచ్చాడు. గుమ్మంలో తల వంచుకుని లోపలికి రావాల్సినంత పొడుగు. రెండు కనుబొమల మీదా కుట్లు వేసిన మచ్చలు, ఒక పక్కకి ఒరిగిన ముక్కు. కుడి మోకాలికి పట్టీ. వెనకాల తల మీద కొంగు కప్పుకుని వాళ్ళమ్మ మరియమ్మ గారు.

"మావోడు టీవీలో వస్తాడండి మేడం గారూ. ఫుట్‌బాల్ ఆడతాడండి. మోకాల్లో నరం తెగిపోయిందండి. మళ్ళీ ఆటలోకి దింపాలండి మీరు" అందావిడ, కూర్చోకుండానే.

తెగింది నరం కాదు, ఏసీఎల్. మోకాలి లోపల రెండు ఎముకలనీ పట్టి ఉంచే తాడు లాంటిది. అది తెగితే తిన్నగా నడవచ్చు గానీ, పరుగులో గిర్రున తిరగబోతే కాలు పక్కకి జారిపోతుంది. కలకత్తాలో ఆపరేషన్ చేయించి, రీహాబ్ అంటే కాలికి మళ్ళీ బలం, నమ్మకం తెప్పించే కసరత్తు ఇంటి దగ్గర చేయించుకోమని పంపారట క్లబ్బువాళ్ళు. వేసవిలో పిలిచి మెడికల్ టెస్ట్ చేస్తారు. నెగ్గితే ఇంకో ఏడాది ఆట, లేకపోతే ఇంటికి. వయసు ముప్ఫై రెండు. ఈ ఒక్క కాలైనా బాగుచేసి మంచి చోటికి పంపిద్దామని నాకు పట్టుదల వచ్చింది.

కసరత్తు చేస్తూ చేస్తూ కబుర్లు చెప్పేవాడు. కొల్లేటి లంకలో పుట్టాడు. తాడేపల్లిగూడెంలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంటుంటే అక్కడి డ్రిల్లు మాస్టారు, పొడుగున్నాడు కదా అని వెనకాల నిలబెట్టారు. స్టాపర్ అంటే అంతే, గోలు ముందు నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపేవాడు. అక్కణ్ణుంచి కలకత్తా, తర్వాత గోవా, కేరళ, మళ్ళీ కలకత్తా. "మా ఊరి చేపలూ నేనూ ఒకే కలకత్తా మార్కెట్టుకి ఎల్లామండి. ఆటిని ఐసులో పెట్టి పంపుతారు, నన్ను ఆట అయ్యాక ఐసులో పెట్టేవోరు" అని నవ్వేవాడు. ముక్కు రెండుసార్లు విరిగింది. మడమలకి నొప్పి తెలియకుండా సూదులు పొడిపించుకుని ఆడిన మ్యాచ్‌లు ఎన్నో తనకే గుర్తులేదన్నాడు.

ఆరేడు నెలలు ఒక్క రోజు కూడా మానలేదు. తొడ కండ నిండింది, వాపు పోయింది, మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. ఇక హాప్ టెస్ట్ పెట్టాను. ఒంటికాలి మీద గెంతించి, ఎంత దూరంలో పడ్డాడో టేపుతో కొలుస్తాం. ఆపరేషన్ అయిన కాలు ఇంచుమించు రెండోదానితో సమానంగా రావాలి. ఎడమ కాలి మీద లేడిలా గెంతాడు. కుడి కాలి మీద దూరం సగానికి కాస్త ఎక్కువ పడింది. "నొప్పండి" అన్నాడు. వారం పోయాక మళ్ళీ అదే. ఆ తర్వాతా అదే. స్కానింగ్ చేయించాను, అందులో ఏ లోపమూ లేదు. పుస్తకాలు తిరగేశాను. విజయవాడలో నాకు తెలిసిన డాక్టర్లని అడిగాను. చివరికి వాడి మీదే అరిచాను. "తింటున్నావా, చేస్తున్నావా, ఇంటికెళ్ళి చెరువులో దిగుతున్నావా?" అని. తల దించుకుని, కింద పడి ఉన్న టేపు చుట్టి నా చేతికిచ్చాడు.

ఆ వారంలోనే ఒక రోజు నల్లజర్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఎత్తు బల్ల మీంచి దిగుతూ స్టూలు అంచున కాలు వేసింది. స్టూలు తిరగబడింది. నేను ఈ చివర ఉన్నాను, మా అసిస్టెంటు ఫోన్లో ఉంది. గది ఆ చివర గోడకి తిరిగి కసరత్తు చేసుకుంటున్న రత్నరాజు ఎప్పుడు చూశాడో, ఎలా చూశాడో తెలియదు. కుడి కాలి మీద గిర్రున తిరిగాడు. రెండంగల్లో గది దాటి వచ్చి, ఆవిడ తల నేలకి తగలకముందే రెండు చేతులా పట్టుకున్నాడు. బరువంతా కుడి మోకాలి మీదే. ఆ మోకాలు రవ్వంత కూడా వణకలేదు.

ఆవిణ్ణి కూర్చోబెట్టి లేచి నా వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగ మొహం అంటారే, అదే. పేషెంట్లంతా వెళ్ళిపోయేదాకా ఆగి, తలుపు దగ్గరగా వేసి అడిగాను.

"కాలు బాగుందిగా?"

"ఎప్పుడో బాగైందండి."

"మరి ఈ నాటకం ఏమిటి నాయనా? నా బుర్ర తిన్నావు గదా!"

బల్ల అంచున కూర్చున్నాడు. ఆ తర్వాత చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

"స్టాపర్ అంటే ఎదుటోడి నీడలో బతకడమండి. ఆడెటు చూస్తే నేనటు చూడాలి, ఆడు కదిలితే కదలాలి. పదమూడేళ్ళు నా కళ్ళు నావి కావండి. పడుకున్నా ఎవడో వెనకాల్నుంచి దూరి ఎల్లిపోతన్నట్టే ఉంటదండి. కాలు తెగిన రోజున స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు. నాకు హాయిగా ఉందండి. హమ్మయ్య అనిపించిందండి. అలిసిపోయానండి మేడం గారూ."

"ఆ మాట మీ అమ్మతో చెప్పు మరి."

"అమ్మ ఊరుకుంటదాండి? మా చర్చి సంఘం అంతా నా కాలి కోసం శుక్రవారం శుక్రవారం ఉపవాసాలు ఉంటన్నారండి. మా లంకలో పేరున్నది నా ఒక్కడికేనండి. కాలు బాగుండి కూడా మానేశానంటే ఏమనుకుంటారండి? మీరొక్క మాట చెప్పేయండి, ఇంక ఈ కాలు ఆటకి పనికిరాదని. మీ మాటంటే నమ్ముతారండి."

జాలేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి వాడికి. కోపం కూడా వచ్చింది. "నేను చెప్పను" అన్నాను. "నేనా మాట అన్నాననుకో, రేపట్నుంచి మీ ఊళ్ళో నువ్వు కుంటాలి. మీ అమ్మ రోజూ ఆ కాలికి నూనె రాస్తూ ఏడుస్తుంది. అలిసిపోయినవాడివి, ఇంకో వేషం ఎన్నాళ్ళు మోస్తావు? నీ మాట నా నోట్లోంచి బయటికి రాదు. కానీ అబద్ధం కూడా రాదు."

వాడు నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రెండేసి చొప్పునే దిగాడు.

పది రోజులు రాలేదు. మరియమ్మ గారు మాత్రం ఒక్కరే వచ్చారు, పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టుకుని. "మేడం గారండీ, నిన్న మావోడు పట్టుకోకుండా పడవలోకి దూకాడండి! నా కళ్ళారా చూశానండి. దేవుడు మా మొర ఆలకించాడండి. ఆదివారం ఇంటి దగ్గర కృతజ్ఞతా కూటం పెట్టామండి. మీరు తప్పకుండా రావాలండి, రెండు మాటలు చెప్పాలండి."

కృతజ్ఞతా కూటమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఏదైనా గండం గట్టెక్కితే క్రైస్తవుల ఇళ్ళల్లో పందిరి వేసి, సంఘాన్ని పిలిచి, ప్రార్థన చేసి భోజనాలు పెడతారు. మేలు పొందిన మనిషి అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు సాక్ష్యం చెప్పాలి. నేను ద్వారకా తిరుమల కొండకి మొక్కుకునే మనిషినే అయినా, అలాంటి పందిళ్ళకి చాలాసార్లు వెళ్ళాను. బయట ఎన్ని అబద్ధాలాడినా సాక్ష్యంలో ఆడకూడదని వాళ్ళ నియమం. అందుకే ఆవిడ పిలుపు వినగానే, రత్నరాజు అక్కడ నిలబడి ఏం చెబుతాడా అనుకున్నాను.

ఆదివారం బస్సు దిగి చెరువు గట్ల మీదుగా ఆటోలో వెళ్ళాను. దారి పొడుగునా చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాల వాసన. షామియానా కింద చాపల మీద ఊరంతా ఉంది. పక్కనే పెద్ద డేగిసాల్లో చేపల పులుసు ఉడుకుతోంది. రత్నరాజు తెల్ల చొక్కా వేసుకుని పాస్టరు గారి పక్కన కూర్చున్నాడు. నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు.

పాటలయ్యాయి. పాస్టరు గారు ముందు నన్ను లేపారు. "మోకాలు బాగుంది. అతను కష్టపడ్డాడు, మీరంతా ప్రార్థన చేశారు" అని చెప్పి కూర్చున్నాను. "స్తోత్రం!" అన్నారంతా. అక్కడ సాక్ష్యంలో మాట మాటకీ స్తోత్రం అనడం అలవాటు.

రత్నరాజు లేచాడు. మైకు పుచ్చుకున్నాడు.

"దేవుడు నా మోకాలు బాగుచేశాడండి."

"స్తోత్రం!"

"మీ అందరి ఉపవాసాలూ ఊరికే పోలేదండి."

"స్తోత్రం!"

వాళ్ళమ్మ వైపు చూశాడు. "కాలు బాగుందండి. నాకే బాగోలేదండి. నేను ఎల్లనండి. ఇంక ఆడలేను. అలిసిపోయానండి."

వెనక వరసలో ఒక ముసలాయన అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నాడు. ఆ ఒక్క గొంతే వినిపించింది. పాస్టరు గారు బైబిలు మూసి, మళ్ళీ తెరిచారు. రత్నరాజు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, కూర్చోవాలని తోచక.

వాళ్ళమ్మ లేచింది. కొంగు సరిచేసుకుంది. నేను ఆవిడ మొహం వంకే చూశాను. ఇక్కడ ఈవిడ ఛీ అంటే ఈ కుర్రాడు మళ్ళీ రైలెక్కి వెళ్ళి, ఇంకో కాలు విరిగేదాకా ఆడతాడని నాకు తెలుసు.

"ఒరేయ్ రాజూ" అంది. "నీ ఆట నేనెప్పుడన్నా చూశాననుకున్నావా? ఊరంతా టీవీ ముందుంటే నేను వంటింట్లో మోకరించి ఉండేదాన్ని. ఎవడూ నిన్ను తన్నకుండా చూడు తండ్రీ అని. ఆట అయిపోయిందని ఎవరో వచ్చి చెబితేనే లేచేదాన్ని. కాలు బాగవ్వాలని అడిగాను గానీ, నిన్ను ఆటకి పంపమని నేను దేవుణ్ణి అడగలేదురా. నువ్వు ఆడాలంటున్నావు గదా అని మేడం గారితో అలా అన్నాను. నాకూ అలుపొచ్చేసిందిరా. ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చు గదరా!"

వాడు చాప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు, కొందరు గుసగుసలాడారు. మగవాళ్ళలో ఒకరిద్దరు భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు కూడా. ఊరి పేరు పోయిందని వాళ్ళ బాధ. మిగతావాళ్ళం పులుసన్నం తిన్నాం. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి రత్నరాజు ఆ గోలలోనే, జనం మధ్యలో, చాప మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు. ముగింపు ప్రార్థనకి లేపబోయిన పాస్టరు గారిని మరియమ్మ గారు ఆపేశారు. "ఉండనివ్వండి అయ్యగారూ" అని.

ఏడెనిమిది నెలలు నేను ఆ కాలు చూశాను, కొలిచాను, తిట్టాను. ఆ కాలి మీద ఉన్నవాడికి వెనక్కి వెళ్ళాలని ఉందా అని ఒక్కసారి అడగాలని నాకు తోచలేదు. మా చదువులో ఆ ప్రశ్న లేదు. ఇప్పుడు మాత్రం కొత్త పేషెంటు ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడో అడిగాక, బాగయ్యాక మళ్ళీ ఆ పనిలోకే వెళ్ళాలని ఉందా అని అడుగుతున్నాను. చాలామంది అదేం ప్రశ్నన్నట్టు చూస్తారు. ఊడ్పుల ఆడవాళ్ళు నవ్వేస్తారు. "ఎల్లక తప్పుద్దేంటండీ" అంటారు. దానికి నా దగ్గర వైద్యం లేదు. ఆ జవాబు వచ్చినప్పుడు నొప్పికి పెట్టే కరెంటు మిషను వెంటనే ఆన్ చెయ్యను. ఫ్యాను వేసి, కాసేపు వాళ్ళని ఊరికే పడుకోనిస్తాను.