ఆగి అంటుకున్న రిలే

కాస్త ఇలా జరిగి కూర్చోండి, నెమ్మదిగా చెప్తాను. దెయ్యాలనీ గాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. జీడితోటలో ఒంటరిగా పిక్కలేరిన మనిషిని, నాకలాంటి భయాలు లేవు. ఇది మాత్రం పట్టపగలు, నా కళ్ళతో చూసింది.

భావనపాడు పోయే దారిలో మా కొబ్బరితోట. నేలబావి పక్కన మోటారు, పంపు, రెండింటికీ మధ్య బెల్టు. గుంజకి స్టార్టర్ డబ్బా. దాని మూత ఎప్పుడో గాలివానకి పోయింది.

పలాసలో మోటార్లు చుట్టే మా మరిది ఒకసారి అందులోని రిలే చూపించి చెప్పాడు. సన్న తీగలో కొంచెం కరెంటు పోతే లోపలి చుట్ట అయస్కాంతమవుతుందట. అది ఇనప పలకని లాక్కుంటుందట. పలక అంటుకుంటేనే లావు తీగల కరెంటు మోటారుకి పోతుంది. అత్త ఊఁ అంటే కోడలు కుండ దించినట్టన్నమాట. అత్త చెయ్యి కుండకి తగలదు, పని మాత్రం అయిపోతుంది.

మా వైపు కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి, పచ్చబొత్తాం నొక్కిపెట్టి సందులో కొబ్బరి ఈనె దోపేస్తారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. వద్దని మరిది ఎన్నిసార్లు మొత్తుకున్నా మా ఆయన వినలేదు.

ఆ ఉదయం నేను చోడి అంబలి పట్టుకెళ్ళాను. కరెంటు మధ్యాహ్నానికి గానీ రాదన్నారు. ఆయన బెల్టు చక్రానికి చుట్టుకున్న కొబ్బరిపీచు లాగుతున్నాడు. రెండు చేతులూ బెల్టు లోపలే ఉన్నాయి. ఈనె తీయడం మర్చిపోయాడు.

అంతలో పక్క తోటలో మోటారు తిరిగింది. అవతలి తోటలోదీ తిరిగింది.

మా డబ్బా గుర్రుమంది. చూద్దును కదా, ఇనప పలక సగం దూరం వచ్చి ఆగిపోయింది. అరవేలు సందు. వణుకుతోంది గానీ అంటుకోవడం లేదు. ఈనె లాగుదామంటే, కదిపితే అంటుకుంటుందేమోనని భయం. అరిస్తే ఆయన ఉలిక్కిపడతాడు. వంటింట్లో మాట్లాడినట్టే అన్నాను.

“బావా, సేతులు బయటికి తియ్యి.”

“ఉండవే, పీచు ఇంకా రానేదు.”

“అంబలి సల్లారిపోతంది. ముందు సేతులు తియ్యి.”

గొణుక్కుంటూ తీశాడు. లేచాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి గిన్నె అందుకున్నాడు.

అప్పుడు అంటుకుంది పలక, టక్కుమని. మోటారు తిరిగింది. నీళ్ళు కాలవలో పడ్డాయి. ఆయన గిన్నె పట్టుకుని అలాగే కూలబడ్డాడు. నేను అప్పుడేడ్చాను.

మధ్యాహ్నానికి మరిది వచ్చి అన్నీ విప్పాడు. తుప్పు లేదు, చీమ లేదు, ఇసుక రేణువు లేదు. పదిసార్లు కరెంటిచ్చి చూశాడు. పదిసార్లూ రెప్పపాటు ఆగకుండా అంటుకుంది.

“వదినా, పలక అంటకుండా అంతసేపు గుర్రుమంటే సుట్ట మాడిపోవాల. ఇది కొత్తదానిలాగుంది. నాకేటీ అంతు సిక్కడం నేదు,” అన్నాడు.

“దెయ్యవైతే ఇంత బుద్దిగా ఉంటాదేటి?” అన్నాడు మా ఆయన. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి ఈనె దోపడం మానేశాడు. కరెంటొస్తే నడిచెళ్ళి బొత్తాం నొక్కుతాడు. వెళ్ళేటప్పుడు రోజూ విసుక్కుంటాడు. ఆ విసుగు వింటే నాకు కడుపు నిండినట్టుంటుంది.

అది ఎందుకాగిందో, ఎవరాపారో నాకిప్పటికీ తెలీదు. వోల్టేజీ తక్కువై ఆగిందన్నవాళ్ళున్నారు. అయితే మరి ఆయన లేచేదాకానే ఎందుకాగినట్టు?

మీ ఇంటినుంచి పనికి వెళ్ళినవాళ్ళు పొద్దుగూకేసరికి మీ గుమ్మం తొక్కాలి. మీ పొయ్యి మీద కుండ అందరికీ సరిపోవాలి. చల్లగా ఉండండమ్మా.