హలీనా ఆంటీ ఉత్తరం

మొన్న శనివారం పక్కింటివాళ్లు తోటలో పాత సామాను తగలబెట్టారు. వాన వెలిసిన గాలిలో ఆ పొగ మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. అందులో తోలు కాలిన వాసన ఉంది. గిన్నెలు కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను. తోలు అట్టల పుస్తకాలు పొయ్యిలో కాలితే ఎలాంటి వాసన వస్తుందో నాకు చెప్పింది హలీనా ఆంటీ. అంతవరకూ ఆ వాసన ఎన్నడూ ఎరగను. అయినా గుర్తుపట్టాను.

కర్నూలు నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి, స్టీవెనేజ్ అనే ఇంగ్లీషు ఊళ్లో ఆమె ఇంటి మేడమీది గదిలో అద్దెకు దిగినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆమెకు ఎనభై దాటాయి. పోలండ్‌లో ఒక చిన్న పట్టణంలో పుట్టింది. యుద్ధం ముగిశాక, పోలిష్ సైన్యంతో పాటు ఈ దేశం చేరిన తండ్రి దగ్గరికి తల్లితో వచ్చేసింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. చూపు బాగా మందగించింది. ఆదివారాలు నన్ను కిందికి పిలిచి, ఉతికిన దుప్పటి రెండు కొసలు నా చేతికిచ్చి, మిగతా రెండూ తను పట్టుకుని మడతపెట్టించేది. అంచులు వేలెడు తేడా వచ్చినా ఊరుకునేది కాదు. "మా అమ్మ ప్యాలెస్‌లో బట్టలుతికేదమ్మాయ్. ఇలా మడిస్తే అక్కడ నిలబడనిచ్చేవాళ్లే కాదు" అనేది.

ఆ ప్యాలెస్ చరిత్రంతా నాకు ఆ దుప్పట్ల మధ్యే తెలిసింది. ప్రభువుల కుటుంబం తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన భవనం. గోడలకు పట్టుగుడ్డ, పైకప్పు దాకా పుస్తకాలున్న గ్రంథాలయం. యుద్ధంలో జర్మన్ అధికారులు అందులో దిగారు. వాళ్లు వెళ్లేలోగా ప్రభువులు ఊరొదిలి పారిపోయారు. తర్వాత కొత్త ప్రభుత్వం దాన్ని బడిగా మార్చింది. బడి ఎత్తేశాక నాట్యశాలలో బంగాళాదుంపలు నిల్వ చేశారట. చివరికి కప్పు కూలింది. ఇదంతా ఆమె మామూలుగానే చెప్పేది. జర్మన్లు వెళ్లిపోయిన చలికాలం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట మార్చేది.

ఒకరోజు ఆ పట్టణం నుంచి ఉత్తరం వచ్చింది. ప్యాలెస్‌ను బాగుచేసి మ్యూజియం పెడుతున్నారట. పాత సంగతులు తెలిసినవాళ్లు రాసి పంపమని అడిగారు. ఆమె పోలిష్ బడి తొమ్మిదేళ్ల వయసులోనే ఆగిపోయింది. తప్పుల్లేకుండా రాయలేనన్న సిగ్గుతో, ఇంగ్లీషులో తను చెబుతుంటే నన్ను ల్యాప్‌టాప్‌లో కొట్టమంది. ఆ చలికాలం సంగతి అప్పుడు బయటికి వచ్చింది.

"అందరూ జర్మన్లు దోచారంటారు, రష్యన్లు దోచారంటారు. పుస్తకాలు తీసుకెళ్లింది మేము. మా ఊరివాళ్లం. కట్టెలు లేవు. మా అమ్మ గోనెసంచి పట్టుకునేది, నేను నింపేదాన్ని. నెలన్నర పుస్తకాలతోనే పొయ్యి వెలిగించాం. గ్రంథాలయం చూసుకునే ముసలాయన ఉండేవాడు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఆయన గదిలోనూ నిప్పు లేదు. సాయంత్రాలు మా ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేవాడు. నేను ఒక్కో పుస్తకం లోపల పెడుతుంటే దాని పేరు పైకి చదివేవాడు. చదివి, చేతులు కాచుకునేవాడు. వసంతం రాకముందే పోయాడు."

నా వేళ్లు ఆగిపోయాయి. "ఆంటీ, ఇది రాయకపోతే ఏమవుతుంది? అప్పుడు మీరు చిన్నపిల్ల కదా" అన్నాను.

"చిన్నపిల్లనే. అయినా మోసింది ఈ చేతులే. రాయి."

నేను రాయలేదు. ఆమె పేరు ఆ ఊళ్లో చెడిపోకూడదనుకున్నాను. అప్పుడు నాకది ప్రేమే అనిపించింది. "ఆ చలికాలంలో గ్రంథాలయంలోని పుస్తకాలు పోయాయి" అని ఒక్క వాక్యం కొట్టి, ముసలాయన గురించి 'మంచి గురువు' అని రాసి ముగించాను. ఆమె చదివి వినిపించమంది. తెర వైపు చూస్తూ, అందులో ఉన్నది కాకుండా ఆమె చెప్పిందే అప్పజెప్పాను. కళ్లు మూసుకుని విని, "సరిగ్గా రాశావు. బతికించావు తల్లీ" అంది.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. మీ జ్ఞాపకాలు మా మనసుకు హత్తుకున్నాయి, కృతజ్ఞతలు అని. నాకు పోలిష్ రాదు కాబట్టి, భూతద్దంతో చదివి తనే అర్థం చెప్పింది. చెప్పి, కాగితం వెనక్కి తిప్పి చూసింది, ఇంకేమైనా ఉందేమోనని.

"కోపంగా రాస్తారనుకున్నాను. ఆ ముసలాయన గురించి ఒక్క మాట కూడా లేదు. అంటే క్షమించినట్టా, పట్టించుకోనట్టా?"

నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. "ఏమో ఆంటీ" అన్నాను. ఆ తర్వాత ఆమె ప్యాలెస్ ఊసెత్తలేదు. దుప్పట్లు మడతపెట్టేటప్పుడు కూడా మాటలు తగ్గాయి. జనవరిలో న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరింది. రోజూ వెళ్లి పక్కన కూర్చున్నాను. రోజూ చెప్పాలనుకున్నాను. అయిదో రోజు నేను వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది.

పోయిన ఏడాది నేనొక్కదాన్నే ఆ పట్టణం వెళ్లాను. గోడలకు కొత్త పట్టుగుడ్డ వేశారు. గ్రంథాలయంలో అరలన్నీ కొత్త చెక్కతో, ఖాళీగా ఉన్నాయి. పక్కన పలకమీద పోలిష్‌లోనూ, కింద ఇంగ్లీషులోనూ రాసి ఉంది: ఆ చలికాలంలో గ్రంథాలయంలోని పుస్తకాలు పోయాయి. ఒక్క మాట మార్చలేదు. నా వాక్యమే. ఎవరో స్కూలు పిల్లలకు ఒక టీచరమ్మ దాన్ని చదివి వినిపిస్తోంది. పిల్లలు తలూపి పక్క గదిలోకి వెళ్లిపోయారు.

తిరిగొచ్చాక మ్యూజియానికి ఉత్తరం రాశాను. ఆమె చెప్పినదంతా, ఆమె చెప్పినట్టే రాశాను. మొదటి ఉత్తరం మార్చింది నేనేనని కూడా. ఇంతవరకూ జవాబు లేదు. ఆఫీసులో తనిఖీ రిపోర్టులు రాయడం నా ఉద్యోగం. 'పొరపాటు జరిగింది' అని కొట్టబోయిన ప్రతిసారీ ఇప్పుడు చెయ్యి ఆగిపోతుంది. చెరిపేసి, ఎవరు చేశారో రాస్తాను. కొన్నిసార్లు అది నా పేరే అవుతుంది. రాయడం కష్టంగా ఏమీ లేదు. ఆ రోజూ ఉండేది కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.