మాఘ పౌర్ణమినాడు విశాఖ ఒడ్డున

చిక్కడపల్లిలో ఇంటికి తాళం వేసే ముందు మా అత్తమ్మ పూజగదిలోంచి లక్ష్మీనరసింహస్వామిని తీసి, పత్తి పరిచిన ఇత్తడి డబ్బాలో పెట్టింది. బొటనవేలంత విగ్రహం. స్వామి ఎడమ తొడ మీద అమ్మవారు. అత్తమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయనకు ఒక్కపూట నైవేద్యం తప్పలేదు.

"మనం ఊర్లు తిరుగుతుంటే ఆయన తాళమేసిన ఇంట్ల ఉపాసముంటడా?" అన్నది.

మావారికి ఆఫీసువాళ్లు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ వచ్చింది. డెబ్భై ఏళ్ల తల్లికి మాఘ పౌర్ణమినాడు సముద్రస్నానం చేయించాలని ఆయన కోరిక. సముద్రం ఆమే చూడలేదు, నేనూ చూడలేదు. ఇంతకాలానికి దేవుడు దారి చూపించాడని దండం పెట్టుకున్నాను.

మూడున్నరకు నారాయణగూడలో ఆటో ఎక్కాం. ఐదు దాటాక సికింద్రాబాద్‌లో బండి కదిలింది. పులిహోర పొట్లాలు విప్పేసరికి ఎదురు సీటులో అనకాపల్లి ఆవిడ మాటలు కలిపింది.

"ఒడ్డున ఏం పెట్టినా దూరంగా పెట్టుకోండమ్మా. కెరటం చెప్పి రాదు."

"బీచుపల్లిల కృష్ణల మునిగినోళ్లం, మాకు తెల్వదా నీళ్ల సంగతి?" అని అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

పొద్దున ఏడింటికి విశాఖలో దిగాం. సత్రంలో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఇచ్చారు. టిఫిన్ చేసి నడుస్తుంటే వీధి చివర నీలంగా గోడ కట్టినట్టు కనిపించింది. అది గోడ కాదని, నీళ్లేనని అర్థమయ్యేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. అవతలి ఒడ్డు లేని నీళ్లను నేను ఊహించుకోనేలేదు. పర్వదినం కాని రోజున సముద్రాన్ని తాకరాదని, నాకు ఇంట్లోనే చదువు చెప్పిన నాన్న అనేవారు. అందుకే దూరం నుంచే మొక్కి, బస్సులో సింహాచలం వెళ్లాం. దర్శనం చక్కగా అయింది.

మర్నాడు పౌర్ణమి. ఆరింటికే ఒడ్డు నిండా జనం. మావారు తల్లి చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దించారు. స్వామికి కూడా సముద్రజలంతో అభిషేకం చేద్దామని, కృష్ణ రేవులో చేసినట్టే నీటికి నాలుగడుగుల ఇవతల తువ్వాలు పరిచాను. దాని మీద విగ్రహాన్ని ఉంచి, పసుపు కుంకుమ పెట్టి, చెంబు ముంచుకోవడానికి లేచాను. నది ఉన్నచోటే ఉంటుంది. ఇదీ అంతే అనుకున్నాను.

నడుం ఎత్తున ఒక కెరటం నన్ను దాటి వెళ్లింది. వెనక్కి తిరిగితే తువ్వాలు లేదు. కుంకుమ లేదు. ఇసుక అద్దంలా నున్నగా ఉంది.

మోకాళ్ల మీద పడి ఇసుక తోడాను. తోడిన గుంటను మరో కెరటం పూడ్చేసింది. గవ్వలమ్మే ముసలావిడ గంప దించి పరుగెత్తుకొచ్చింది.

"ఏటమ్మా, గంగమ్మ కాడ ఎవులైనా సామాను ఎడతారా?" అని తిడుతూనే నాతోపాటు గంటసేపు వెతికింది. తువ్వాలు ఒక్కటే దొరికింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

అత్తమ్మ తడిచీరతో నిలబడి చూసింది. సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి తడికొంగులో చుట్టుకుంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం కైలాసగిరి ఎక్కాం. అక్కడి నుంచి ఊరు, ఓడలు, తీరం వంపు అన్నీ కనిపిస్తాయి. వెళ్లినవారు తప్పక చూడాలి. నాకు మాత్రం ఆ నీళ్లన్నిటిలో బొటనవేలంత ఇత్తడి తప్ప మరేదీ తోచలేదు. అత్తమ్మ అన్నం ముట్టలేదు. నైవేద్యం పెట్టకుండా ఆమె ఎన్నడూ తినలేదు మరి.

మర్నాడు సాయంత్రం తిరుగు బండి. ఖాళీ డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది. తుని దాటాక నేనిక ఉండలేకపోయాను.

"అత్తమ్మా, నా చేతులతోనే పోగొట్టిన."

ఆమె కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"లక్ష్మమ్మ ఎవరి బిడ్డనే?"

"సముద్రుడి బిడ్డ."

"మరింకేంది? మా ఇంటికొచ్చి యాభై ఏండ్లాయె. ఒక్కసారన్న పుట్టింటికి తోలిచ్చిననా? ఆమె పోయింది, ఆయన ఎంబడి పోయిండు. ఒడిబియ్యం పోయకుండ ఆ తండ్రి ఊకె తోలుతడా?"

కొంగుతో కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఆ పెరుగన్నం ఇటు తే. ఆకలైతుంది."

తెల్లవారాక ఆటో చిక్కడపల్లి సందులోకి తిరిగింది. సముద్రం దగ్గర వస్తువులు ఎక్కడ పెట్టాలో వెళ్లేవారికి ఇప్పుడు నేను చెప్పగలను. అది ఎంత పెద్దదో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. అత్తమ్మ గడపలో ఆగి డబ్బా నా చేతిలో పెట్టింది.

"పత్తి ఎండేసి పెట్టు. పుట్టింట్ల దింపొచ్చినోళ్లమే పోయి తోల్కరావాలె కద."