మోరిగారి మధ్యాహ్న భోజనం

1983లో నేను ట్రావెలింగ్ నర్స్‌గా సియాటిల్ దగ్గర ఒక ఆస్పత్రిలో చేరాను. ఎక్కడ నర్సులు తక్కువైతే అక్కడికి మూడు నెలల కాంట్రాక్టు మీద పెట్టె సర్దుకుని వెళ్లే ఉద్యోగం అది. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ చూడదగ్గవన్నీ చూడాలని నాకు సరదా. అక్కడ జపనీస్ తోట చూశాను, జపనీస్ భోజనం రుచి చూశాను. ఆ రెండూ మోరిగారి వల్లే గుర్తుండిపోయాయి.

మోరిగారు నా వార్డులో రోగి, ఆ తోటలో ఏళ్ల తరబడి పైన్ చెట్లను చూసుకున్న మనిషి. కడుపులో క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది. ఇంట్లోవాళ్లు ఆయనకి అల్సర్ అని చెప్పారు. భార్య సచికోగారు నన్ను వరండాలో ఆపి, "నర్స్‌సాన్, ఆయనకి చెప్పకండి. తెలిస్తే తిండి మానేస్తారు," అన్నారు. సాన్ అంటే మన 'గారు'. నాకు వింతగా అనిపించలేదు. మా గుంటూరులోనూ జబ్బు పేరు రోగికి తప్ప వీధిలో అందరికీ తెలుస్తుంది.

ఆవిడ రోజూ మధ్యాహ్నం ఫ్లాస్కులో జావలా ఉడికించిన అన్నం, చిన్న డబ్బాలో ఉప్పులో ఊరిన ఎర్రటి ప్లమ్ కాయ, సోయాపాలతో పనీర్‌లా చేసే మెత్తటి టోఫూ తెచ్చేవారు. ఆయన మెతుకు మిగల్చకుండా తిని ఆవిడకి చేతులు జోడించేవారు. ఆవిడ బస్సెక్కాక అంతా వాంతి చేసుకునేవారు. బేసిన్ పట్టేది నేనే. మూతి తుడుచుకుంటూ, "ఆవిడకి చెప్పొద్దు," అనేవారు.

ఒక ఆదివారం సచికోగారు నన్ను ఆ తోటకి తీసుకెళ్లారు. రాళ్లు, నాచు, నీళ్లు, వంగిన చెట్లు. బంతులూ కనకాంబరాలూ లేనిదీ ఒక తోటేనా అని లోపల నవ్వుకున్నాను. ఆవిడ ఒక పైన్ కొమ్మ పట్టుకుని చూపించారు. దాని ఆకులు సూదుల్లా ఉంటాయి, పాతవాటిని చేత్తో గిల్లితేనే లోపలికి వెలుతురు పోతుందట. ఆ ఏడు ఎవరూ గిల్లలేదు. చెట్టు గుబురుగా, మొరటుగా పెరిగిపోయింది. "వచ్చే ఏడు ఆయనే వచ్చి బాగుచేస్తారు," అన్నారు. బెంచీ మీద కూర్చున్నాక నాకూ ఆ ప్లమ్ కాయ పెట్టారు. మా ఉసిరికాయ ఊరగాయకి అక్కలా ఉంది. నా మొహం ముడుచుకుపోతే ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు డాక్టర్ రావు, మన నెల్లూరాయనే, కీమో మొదలుపెట్టాలన్నారు.

"కొన్నాళ్లు ఆగరాదా సార్? ఆవిడ అంతగా బతిమాలుతోంది."

"ఇండియాలో అయితే నేనూ చెప్పేవాణ్ణి కాదమ్మా. ఇక్కడ ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్ లేకుండా కీమో స్టార్ట్ చేస్తే నా లైసెన్స్ పోతుంది."

ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్ అంటే జబ్బేమిటో, మందేమిటో రోగికే విడమర్చి చెప్పి ఒప్పుదల తీసుకోవడం. ఆయన మాటలో తప్పు లేదు. అదే నా బాధ.

సచికోగారి ఎదుటే మోరిగారికి జబ్బు పేరు చెప్పేశారు. మోరిగారు మంచం మీదే తల వంచి డాక్టర్‌కి థాంక్స్ చెప్పారు, కీమో వద్దన్నారు. మర్నాడు డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆవిడ వెళ్లాక, ఎందుకు తినలేదని అడిగాను.

"నాకెప్పుడో తెలుసు నర్స్‌సాన్. నాకు తెలియదనుకుని ఆవిడ ధైర్యంగా వండేది. ఆ ధైర్యం చెదరకూడదని తినేవాణ్ణి. ఇంకెందుకు తినాలి?"

ఆవిడ మాత్రం రోజూ డబ్బా తెస్తూనే ఉన్నారు, అలాగే తిరిగి పట్టుకెళ్తూనే ఉన్నారు. ఆయన ఎంతోకాలం ఉండలేదు.

పోయిన రోజు ఆయన బట్టలు మడిచి ఇస్తుంటే సచికోగారు అడిగారు. "నర్స్‌సాన్, అన్నాళ్లూ ఆయన ఆకలేసి తిన్నారా, నా కోసం తిన్నారా?"

"ఆకలేసే తిన్నారు. మీ వంటంటే ఆయనకెంత ఇష్టమో," అన్నాను.

రోగికి అబద్ధం చెప్పకూడదని మా వృత్తి నేర్పుతుంది. ఆవిడ రోగి కాదు కదా అనుకున్నాను. కానీ నిజం ఒకసారి బయటపడ్డాక, ఆ తర్వాత మనం చెప్పే ఏ ఊరట మాటా నిలవదని ఆ కేసు నేర్పింది. జబ్బు పేరు విన్న మర్నాటి నుంచే ఆయన డబ్బా ముట్టకపోవడం కళ్లారా చూసిన సచికోగారు నా మాట నమ్మలేదు.