టోపీ సార్

మా ఆయన బ్యాంకులో రిటైరైన ఏడాది మేమిద్దరం ఆఫ్రికా వెళ్లాం. సూరత్‌లో ఇన్నేళ్లున్నా నేను తిరిగిందల్లా ఇటు డామన్ సముద్రం, అటు మా కరీంనగర్, అంతే. అందుకే ఆయన టికెట్లు తెచ్చి చేతిలో పెడితే నమ్మలేకపోయాను.

"మా అమ్మకు నువ్వు చేసినదానికి నేనేం చేసినా తక్కువనే. ఇద్దరికీ కొత్త దేశమే, కలిసి చూద్దాం" అన్నారు.

అత్తమ్మ పోయి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరిగితే ఉధనాలోని హాస్పిటల్‌లో ఆపరేషన్ చేయించాం. కుట్లు ఆరకముందే ఆయన ట్రైనింగని చెప్పి ముంబై వెళ్లారు. ఆ వారమే ఖాడీ వాగు పొంగి మా వీధిలోకి నీళ్లొచ్చాయి. గంజి డబ్బా నెత్తిన పెట్టుకుని, మోకాళ్ల దాకా నీళ్లలో నడిచి హాస్పిటల్‌కు వెళ్లేదాన్ని. అత్తమ్మకు హిందీ రాదు, గుజరాతీ రాదు. నర్సు దగ్గరికొస్తే నా చెయ్యి వదిలేది కాదు. కళ్లు తెరిచినప్పుడల్లా "నా కొడుకేడి బిడ్డా?" అనేది.

"ట్రైనింగ్‌ల ఉన్నడు అత్తమ్మా. రోజూ నిన్నే అడుగుతున్నడు" అని చెప్పేదాన్ని.

ఇంటికైతే వచ్చింది కానీ మళ్లీ మంచం దిగలేదు. ఆ చలికాలంలోనే పోయింది.

మా టూరులో అందరూ గుజరాతీలే. థేప్లా రొట్టెలు, ఖాఖ్రాలు సరే, మహారాజ్ అని పిలిచే వంటవాణ్ని కూడా వెంట తెచ్చుకున్నారు. పార్కులో పైకప్పు తెరిచిన జీపులో నిలబడి చూశాం. చారల గుర్రాలు మా జీపు ఆపి మరీ దారి దాటాయి. చెట్టు నీడలో పడుకున్న ఆడసింహం నన్ను ఒక్కసారి చూసి, నాతో ఏం పని లేనట్టు తల తిప్పుకుంది. నేను చిన్నపిల్లలా ఆయన భుజం పట్టుకుని ఊపేశాను.

"ఈ మూల తిరిగితే నీటిగుర్రాల మడుగొస్తది" అన్నారాయన.

నిజంగానే వచ్చింది. "మీకెట్ల తెలుసు?" అన్నాను.

"యూట్యూబ్‌ల చూసిన."

జిరాఫీలకు మేత తినిపించేందుకు అక్కడ ఎత్తుగా చెక్కలతో మంచె కట్టారు. మెట్లెక్కే ముందు ఆయన తన టోపీ తీసి సంచిలో పెట్టుకున్నారు. "కొంగు దోపుకో, గుంజుతయి" అని నాకూ చెప్పారు. పైన మేత గుళికలు పంచే మనిషి ఆ దేశం వాడే. మనవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ హిందీ వచ్చేసినట్టుంది. మా ఆయన్ని చూడగానే మొహం విప్పారింది.

"టోపీ సార్! నమస్తే! ఈసారి టోపీ దాచేశారా?"

"ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నావో" అన్నారాయన హిందీలోనే.

అతను వదల్లేదు. నావైపు తిరిగి సంబరంగా చెప్పుకొచ్చాడు. జిరాఫీ ఈ సార్ టోపీ లాక్కుపోయిందట, తనే వెంటపడి తెచ్చిచ్చాడట, సార్ స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారట.

"ఎప్పుడు?" అని అడిగాను.

"రెండేళ్లయింది మేడమ్. సూరత్‌లో వీధుల్లోకి నీళ్లొచ్చాయని వీళ్లంతా ఫోన్లు చూసుకుంటూ ఉండేవాళ్లు."

అంతలో జిరాఫీ తల వంచి నా అరచేతిలోని గుళికల్ని నల్లటి నాలుకతో ఊడ్చుకుపోయింది. గరుకుగా తగిలింది. నవ్వమని ఎవరో ఫోటో తీస్తున్నారు. నవ్వాను కూడా.

గదికి వచ్చాక ఆయన మంచం అంచున కూర్చున్నారు.

"దోస్తులతోని ముందే బుక్ చేసుకున్న. అమ్మ ఆపరేషన్ మంచిగనే అయింది గద. నువ్వున్నవని ధైర్యంతోని పోయిన" అన్నారు.

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే పోనిస్తుంటివా?"

"పోనియ్యకపోదును. ట్రైనింగ్‌ల ఉన్నడని నా నోటితోని చెప్పించిన్రు. ఆమె అదే నమ్ముకుని పోయింది" అన్నాను.

ఆయన ఏడ్చారు. నేను దగ్గరికి వెళ్లలేదు. మర్నాడు పొద్దున ఆయన్ని గదిలో వదిలేసి ఒక్కదాన్నే జీపెక్కాను. పక్కన కూర్చున్న గుజరాతీ ఆవిడ థేప్లా ఇస్తే తిన్నాను. పిల్ల ఏనుగును మధ్యలో పెట్టుకుని మంద నడిచిపోతుంటే కళ్లారా చూశాను. ఏనుగులు బాగున్నాయి. మంచి కెమెరా ఉంటే బాగుండుననిపించింది గానీ ఆయన పక్కనుంటే బాగుండునని మాత్రం అనిపించలేదు.

సూరత్ వచ్చాక మా ఆడపడుచుకు ఫోన్ చేశాను. అన్నకు అమ్మంటే ప్రాణమని పదిమందిలో చెప్పుకునే మనిషి. ఆమెకు తెలియాలనిపించింది. జరిగిందంతా చెప్పాను.

"నాకెరుకనే వదినా" అంది.

"ఎప్పటి సంది?"

"అన్న పోయేముందే చెప్పిండు. నీకు తెలిస్తే కోపంల అమ్మను ఇడిసిపెట్టి మీ అమ్మగారింటికి పోతవేమోనని... అందుకే చెప్పలే."

అత్తమ్మకు తలంటు పోసింది నేను. పక్కబట్టలు మార్చింది నేను. ఆ ఇంట్లో ఇంతకాలం బతికితే నా గురించి వాళ్లకు తెలిసింది ఇదా?

"నేను అట్ల పోయేదాన్ననుకున్నరా?" అని అడిగాను.

ఫోన్ పెట్టేశాను.

"ఎవరు?" అన్నారాయన హాల్లోంచి.

"మీ చెల్లె."

ఆయన టీవీ గొంతు కొంచెం పెంచారు. నేను వెళ్లి ఆ టీవీ ఆపేసి, "మీ చెల్లెకు పోయేముందే చెప్పిన్రట" అన్నాను. ఆయన తల దించుకున్నారు. ఆ రోజు నుంచి ఆడపడుచు ఫోన్ చేస్తే నేను ఎత్తను. పండక్కి రమ్మని పిలిచింది, పోలేదు. ఆయన్ని ఒక్కరినే రైలెక్కించాను.