మేతవేళ

శౌరికి ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు. రెంటచింతలలో అతని ఈడు మగవాళ్ళలో అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. పొలం చూసుకునేవాడికి పిల్లనిచ్చేది లేదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కూడబలుక్కున్నట్టే చెప్పాయి. ఆదివారం పూజ అయ్యాక వాళ్ళంతా చర్చి బయట బండ్ల మీద కూర్చుని మిర్చి ధర మాట్లాడుకుంటారు. మాటలు అయిపోయినా లేవరు. ఇంటికి పోవాలన్న తొందర ఎవరికీ ఉండదు.

శౌరి ఉన్న పొలం కౌలుకిచ్చి విజయపురి సౌత్ దగ్గర జింకల పార్కులో పనికి చేరాడు. దుప్పులకు తొట్లలో తవుడు కలపడం, జొన్నచొప్ప నరికి వేయడం, నీళ్ళు పట్టడం అతని పని.

టికెట్ గదిలో వాసంతి కూర్చుంటుంది. మాచర్ల నుంచి వస్తుంది. భర్త పోయాక తల్లి దగ్గరే ఉంటోంది. పార్కులో మగవాళ్ళందరినీ ఆమె అన్నా అనో బాబాయ్ అనో పిలుస్తుంది. శౌరిని మాత్రం శౌరి గారూ అంటుంది. ఆ ఒక్క పిలుపు మీద అతను ఈస్టరు నుంచి బతుకుతున్నాడు. నన్ను చేసుకుంటారా అని అడగాలి. మధ్యాహ్నం ఆమె అన్నం తినేటప్పుడు టికెట్లకు ఎవరూ రారు కనుక, అప్పుడైతే వీలవుతుందని మంచినీళ్ళ వంకతో రోజూ ఆ గదికి వెళ్ళేవాడు. అడగకుండానే సీసా నింపుకుని వచ్చేవాడు.

ఆ ఏడాది పార్కులో పుట్టిన దుప్పిపిల్లలు బతకలేదు. తల్లుల పొదుగులు వట్టిపోయాయి. మేత తక్కువై కాదు, తొట్లలో తవుడు మిగిలిపోతూనే ఉంది. పశువుల డాక్టరు రాజారత్నం వచ్చి, మందులేవీ రాయకుండా, కంచె పక్కన కుర్చీ వేయించుకుని పొద్దుగూకేదాకా చూశాడు. మగవీ ఆడవీ ఇంచుమించు సమానంగా ఉన్నాయన్నాడు. మూడు నాలుగు ఆడవాటికి ఒక పోతు ఉంటే మంద కుదురుగా ఉంటుందట. పోతులు అంతకు మించితే వాటికీ నిలకడ ఉండదు, ఆడవాటినీ నిలవనివ్వవట. దెబ్బలాట ఎక్కడా కనబడలేదే అని శౌరి అడిగాడు.

"కొమ్ములు తగిలితేనే దెబ్బ అనుకుంటాం శౌరీ. ఆడది తొట్లో మూతి పెట్టగానే పోతు వచ్చి వెనక నిలబడుతుంది. అది ఏమీ చేయక్కర్లేదు. నిలబడితే చాలు, ఇది తినదు."

మిగులు పోతులను కొండవైపు వేరే కంచెలోకి మార్చమని చెప్పి వెళ్ళాడు. మనుషులు కనబడకుండా రెండు పక్కలా ఆకుపచ్చ పరదాలు కట్టి, దారిలో బెల్లం కలిపిన తవుడు పోసి, ఒక్కొక్కదాన్నే అవతలికి దాటించారు. గార్డు యల్లమంద పరదా పట్టుకుని నిలబడి, ఊరికే ఉండలేకపోయాడు.

"ఒరే శౌరీ, అవతల కంచెకు రెంటచింతల అని బోర్డు పెట్టిద్దామా ఏంది?"

అందరూ నవ్వారు. శౌరి కూడా నవ్వాడు.

కొన్నాళ్ళకు ఆడ దుప్పులు తొట్ల దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. మొదట ఒక ముసలిది, తరువాత దాని వెనక మిగతావి. తలెత్తకుండా తిన్నాయి. అవి నమిలే చప్పుడు శౌరి అంతకుముందు ఎప్పుడూ వినలేదు. వింటూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం, ఇవాళ అడిగేస్తానని గట్టిగా అనుకుని టికెట్ గదికి వెళ్ళాడు. యల్లమంద గుమ్మానికి ఆనుకుని ఫోను చార్జింగు పెట్టుకుంటున్నాడు. లోపల స్టూలు మీద వ్యాను డ్రైవరు. ఇద్దరూ ఆమెను ఏమీ అనడం లేదు. ఊరికే ఉన్నారు. వాసంతి రెండు ముద్దలు తిని డబ్బా మూత పెట్టేసింది. ఆమె అలా మూత పెట్టడం శౌరి ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాడు. ఆమె తినేదే అంత అనుకునేవాడు.

మనిషిని దుప్పితో పోల్చుకున్నందుకు అతనికి సిగ్గేసింది. అయినా ఆ పోలిక వదల్లేదు. గుమ్మం ఎక్కకుండానే యల్లమందను బయటికి పిలిచి, ఆమెను అన్నం తిననివ్వమన్నాడు.

"ఏందిరా, నీ సొత్తా?"

"కాదు మామా. నేను కూడా రాను."

యల్లమంద ఫోను తీసుకుని పోయాడు. డ్రైవరుకు కూడా యల్లమందే చెప్పుకున్నాడు. శౌరి ఆ రోజు నుంచి ఒంటిగంటకు పార్కు ఆ చివర, చొప్పవామి నీడలో కూర్చుంటున్నాడు. అక్కడికి టికెట్ గది కనబడదు. కనబడకపోయినా అతను అటే తిరిగి కూర్చునేవాడు. అడగాల్సిన మాట అలాగే లోపల ఉండిపోయింది. దాన్ని ఎక్కడ అడగాలో ఇప్పుడు తెలియలేదు.

వాసంతి రోజూ అతని పని తెమలకముందే బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఒక సాయంత్రం వెళ్ళలేదు. శౌరి గేటు వేసి వచ్చేసరికి బస్టాపులో ఒక్కతే నిలబడి ఉంది. అతను కాస్త ఎడంగా ఆగాడు.

"మధ్యాహ్నం రావట్లేదేంది శౌరి గారూ?"

"మీరు అన్నం తినే వేళ గదండీ."

ఇన్నాళ్ళూ డబ్బాలో సగం ఇంటికే పోయేదని, కూర బాగా లేదేమోనని అమ్మ నొచ్చుకునేదని చెప్పింది. ఇప్పుడు డబ్బా ఖాళీగా వస్తుంటే అమ్మ ఇంకొంచెం ఎక్కువ పెడుతోందట.

"నేను ఒకటి అడగాలని వచ్చేవాణ్ణి," అన్నాడు శౌరి.

"తెలుసు."

"ఏం అడుగుతానో తెలుసా?"

"తెలుసు. అడగమాకండి. ఇప్పుడిప్పుడే చానా నెమ్మదిగా ఉంది నాకు. కొన్నాళ్ళు ఇట్టా ఉండనీయండి."

"ఉండండి," అన్నాడు.

బస్సు వచ్చింది. ఆమె ముందు తలుపు దగ్గర ఎక్కింది, అతను వెనక ఎక్కాడు. మాచర్లలో దిగాక ఆమె వెనక్కి తిరిగి, వస్తానన్నట్టు తలూపి బజారువైపు నడిచింది. శౌరి రెంటచింతల బస్సు కోసం నిలబడ్డాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అతను అడగలేదు. అడిగితే ఆమె ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటుందేమోనని భయం. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. కూర్చోవడానికి చోటున్నా అతను ఎక్కలేదు. జనం మధ్య ఆమె కనుమరుగైన మలుపు వైపు చూస్తూ అక్కడే ఉన్నాడు.