నా దినానికి గొర్రె కోయొద్దు

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా మాట మొరటు, కాస్త పుస్తకం భాషలోకి తెస్తానంది. తెచ్చుకోనీ. విషయం మాత్రం మార్చొద్దని చెప్పాను.

మాది కోసిగి పక్క పల్లె. మాకు పిల్లలు లేరు. వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లో సగం మంది మూటలు కట్టుకుని పనులకు పోతారు. మేమూ అట్లే ఎర్రగుంట్లకు పోయాం. మా ఆయన లారీలకు సిమెంటు మూటలు ఎత్తేవాడు. నేను కూలివాళ్లకు జొన్నరొట్టెలు కాల్చి పెట్టేదాన్ని. ఒకరోజు లారీ వెనక తలుపు ఊడి ఆయన పాదం మీద పడింది. ఎముక విరగలేదు, తోలు లేచిపోయింది. మందుల షాపులో మాత్రలు తెచ్చుకున్నాడు. నొప్పి తగ్గగానే మానేసి, మిగిలినవి పక్కవాడికి జ్వరమొస్తే ఇచ్చేశాడు. అక్కడ అందరిదీ అదే అలవాటు. బీడీలు ఇచ్చిపుచ్చుకున్నట్లే మాత్రలూ.

పుండు మానలేదు. కాలు ఉబ్బి, జ్వరం పట్టాక కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయాను. చీము తీసి పరీక్షకు పంపారు. మందు మీద మందు మార్చారు, జ్వరం దిగలేదు. నేను డాక్టరమ్మ మీద అరిచాను.

"ఇంతమంది ఉండారు, ఇన్ని సూదులుండాయి, ఏందమ్మా ఇది?"

ఆమె కోప్పడలేదు. ఫోనులో ఒక ఫొటో చూపించింది. గాజు పళ్లెంలో ఆయన పుండులోని పురుగును, కంటికి ఆనని సూక్ష్మజీవిని, పెంచారంట. అక్కడక్కడా మందు అద్దిన కాగితం బిళ్లలు పెట్టారు.

"మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ కనపడుతుంది పెద్దమ్మా. ఇక్కడ ఒక్కదాని చుట్టూ కూడా లేదు."

గొర్రెలు మేసిన చోట నేల బోడిగా ఉంటుంది. అక్కడ ఏదీ మేసినట్లు లేదు. ఇక ఆయన ఇంటికి రాడని నాకు అప్పుడే అర్థమైంది.

"కొత్త మందు యాడా లేదా?"

"వెతికేవాళ్లున్నారు. ఏళ్లు పడుతుంది. దానికి డబ్బు పెట్టేవాళ్లే తక్కువ."

ఆయన పోయాడు. ఆయన తమ్ముడు, నా మరిది, పొట్టేళ్లు కోయించి ఊరందరికీ అన్నం పెట్టి దినం చేశాడు. మా వాళ్లలో అది పద్ధతి. కడుపునిండా తిని, చేతులు కడుక్కుంటూ "దినం బాగా చేసినారు" అంటేనే పోయినవాడికి మర్యాద.

తర్వాత నేను ఊళ్లోనే ఉండిపోయాను. కొన్ని గొర్రెలు కొని మరిదికి పాలుకు ఇచ్చాను. గొర్రెలు నావి, మేపేది అతను, పుట్టిన పిల్లల్లో చెరిసగం. ఒక్క షరతు పెట్టాను. గొర్రె దగ్గితే మనుషుల మాత్రలు నూరి పోయకూడదు, పశువుల డాక్టరు చెబితేనే మందు. ఇష్టమొచ్చినట్లు వాడితే పురుగు మందుకు లొంగకుండా మొండికేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. "గొర్రెకు గూడా పెద్దాసుపత్రి కావాల్నా వదినా?" అని నవ్వాడు గానీ మాట తప్పలేదు. మంద పెరిగింది.

ఈమధ్య నాకు ఆయాసం ఎక్కువైంది. కర్నూలు పోయి ఆ డాక్టరమ్మనే అడిగాను. మందులకు లొంగని పురుగుల మీద పరిశోధన చేసేవాళ్లకు వీలునామా రాయొచ్చంది. కాకపోతే వాళ్లు గొర్రెలు తీసుకోరు, నా తర్వాత ఎవరైనా అమ్మి డబ్బు కట్టాలి. మరిది తప్ప నాకు ఎవరున్నారు?

దొడ్డి దగ్గర అతనికి చెప్పాను.

"నీ జీవాలు, నీ ఇష్టం. నేనొద్దంటానా? దినానికి నాలుగు పక్కన పెట్టి, తక్కినవి అమ్ముతా."

"ఒక్కటీ పెట్టొద్దు. నా దినానికి గొర్రె కోయొద్దు."

చేతిలో కర్ర కింద పడేశాడు.

"ఏం మాట్లాడతాండావు వదినా? అన్నకు పొట్టేళ్లు కోసి, నీకు పప్పన్నం పెడితే ఊరు నా మొగాన ఉమ్ముతాది. వదిన గొర్రెలు మింగి ఊరికి చారు పోసినాడంటారు!"

"అననీ. ఆ నాలుగు అమ్మినా దుడ్లే గదప్పా."

"ఆ మందు కనిపెట్టేలోపల నువ్వూ ఉండవు, నేనూ ఉండను. ఎవరికంట అది?"

"ఈ పొద్దు ఎర్రగుంట్లలో మూటలెత్తేటోనికి. వాని పిల్లోళ్లకు. మీ అన్న కాలు మాంసం ముద్దతో మానిందా?"

అతను కర్ర తీసుకుని దొడ్డిలోకి పోయాడు. ఆ తర్వాత మా ఇంటి ముందు నుంచే మందను తోలుకుపోయేవాడు, తల తిప్పేవాడు కాదు. వదినకు తిక్క పుట్టిందని రచ్చకట్ట మీద అన్నాడని తెలిసింది. "తిక్కే. సోమవారం రిజిస్ట్రారు ఆఫీసుకు పోతాండా, సాక్షి సంతకానికి రమ్మను" అని కబురు పెట్టాను.

వచ్చాడు. బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు.

దస్తావేజులు రాసే ఆయన ఇల్లా, పొలమా అని అడిగాడు. గొర్రెలన్నాను. నవ్వాడు.

"గొర్రెలు చచ్చిపోతాయి కదమ్మా. ఈ రోజున్నవి రేపుండవు."

"నేనూ అంతే గదప్పా. నేను పోయిన పొద్దుకు నా వంతు ఎన్నుంటే అన్ని, అని రాయి."

రాశాడు. దినం సంగతి చెబితే మాత్రం కలం ఆపేశాడు. తిండి విషయాలు వీలునామాలో ఎందుకన్నాడు. నేను నోరు తెరిచేలోపే తలుపు దగ్గర నిలబడిన మరిది లోపలికి వచ్చాడు.

"రాయి సామీ. నోటిమాటంటే మావోళ్లు నమ్మరు. రేపు ఊరందరూ నా మీద పడితే ఆ కాగితమే చూపిస్తా. రాసుంటేనే నేను ఆ ఊర్లో బతుకుతా."

ఆయన రాశాడు. మరిది సంతకానికి కలం తీసుకుని, నా వైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు.

"దాంట్లో నెయ్యి సంగతేమీ రాయించలేదు గదా?"

"లేదు."

"అయితే పప్పులో నెయ్యి నా ఇష్టం. ముద్ద కలిపితే ఏళ్ల సందుల్లో కారాల."

"నీ వంతు గొర్రె అమ్మి పోసుకో. నా వంతుది ముట్టొద్దు."

ఏదో గొణుక్కుంటూ, ముందు నా వేలిముద్ర పడాలని పక్కకు జరిగాడు. నేను ఆ కాగితాన్ని మొదటి నుంచి ఇంకోసారి చదివించుకున్నాను. 'ఒక్క గొర్రెను కూడా' అన్న మాట దగ్గర ఆపించి, మళ్లీ చదవమన్నాను. మాట ఉంది. అప్పుడు వేలిముద్ర వేశాను.